ఎదురింటి గుప్పిట

మా ఎదురింటి పిన్నిగారు మొన్న ఆస్పత్రిలో పోయారు. మావారు కింద బట్టల కొట్టు తెరవకుండానే పైకి వచ్చి, "పిన్నిగారు ఇక లేరట" అని వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయారు.

ఆవిడ మాకు చుట్టమేమీ కాదు. బెజవాడ వన్ టౌన్‌లో మా సందు ఎంత ఇరుకంటే, ఆవిడ పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. అంత దగ్గరలో ఉండీ పగలు గడప దాటేవారు కాదు. దాటితే చలికాలమైనా గొడుగు, మణికట్టు దాకా రవిక. రాణిగారు ఎండకి కందిపోతారని సందులో నవ్వుకునేవారు.

కొన్నేళ్ల కిందట నాకు పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. చీర మడత పెట్టలేకపోయేదాన్ని. చికున్‌గున్యా నొప్పులన్నారు. బుగ్గల మీద ఎరుపు వస్తే మంగు అన్నారు. జుట్టు ఊడితే బెజవాడ నీళ్లన్నారు. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు. మా అత్తగారు మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే వైద్యం చెప్పారు: మొహానికి గంధం, పసుపు పట్టించి డాబా మీద లేత ఎండలో కూర్చోమని. ప్రేమతోనే చెప్పారు, పాపం. కూర్చున్నకొద్దీ మొహం మండేది, జ్వరం వచ్చేది. ఇంటినిండా జనం ఉన్నా అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను. "రిపోర్టులు బాగానే ఉన్నాయిగా" అనే మాట కన్నా నొప్పే నయమనిపించేది.

ఒకరోజు పిన్నిగారు గొడుగు కూడా లేకుండా సందు దాటి, మా డాబా మెట్లెక్కి వచ్చారు. ఆయాసపడుతూనే నన్ను నీడలోకి లాగి, కొంగు తడిపి నా మొహం తుడిచి చూశారు.

"బుగ్గలూ ముక్కూ ఎర్రబడి, ముక్కు పక్క మడతలు మాత్రం వదిలేసింది, చూసుకున్నావా అమ్మాయ్? నోట్లో పుండ్లున్నయ్యా?"

"ఉన్నాయండి. నొప్పి లేదని ఎవరికీ చెప్పలేదు."

"నాకూ ఇట్లాగే మొదలైంది. తేలేసరికి కిడ్నీలు సగం పోయినయ్. నేను డాక్టర్ని కాను, అదో కాదో వాళ్లే చెప్పాలి. కానీ అన్నీ ఒక్క డాక్టరుకే చెప్పు. జ్వరం, జుట్టు, వాపు, ఏదీ వదలమాక."

కీళ్లవాతం డాక్టరు దగ్గరికి ఆవిడే తీసుకెళ్లారు. ఒక్క పరీక్షతో తేలేది కాదంటూ ఆయన రక్తం, మూత్రం పరీక్షలూ నా బాధలూ కలిపి చూసి, లూపస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడుతుందట. కంచే చేను మేయడమన్నమాట. ఎండ తగిలితే అది ఇంకా రేగుతుందట, పిన్నిగారి గొడుగు అందుకే. మూత్రంలో ప్రోటీన్ పోవడం అప్పుడప్పుడే మొదలైంది కాబట్టి కిడ్నీలు దక్కాయి. ఆటోలో నేను ఏడుస్తుంటే పిన్నిగారు, "పేరు తెలిసిందిగా, ఇక అదీ మనింట్లో మనిషే. కోపం తెప్పించకుండా కాపరం చెయ్యాలి" అన్నారు.

అప్పటినుంచి పొద్దున్నే కిటికీలు తెరిచి ఒకరికొకరం గుప్పిట చూపించుకునేవాళ్లం. వేళ్లు పూర్తిగా ముడుచుకుంటే మంచి రోజు. నావి సగమే ముడుచుకుంటే ఆ పూట కూర ఎదురింటి నుంచి వచ్చేది. "పొద్దున్నే ఏం కొట్లాటండీ మీ ఇద్దరికీ" అని మావారు ఏడిపించేవారు. నొప్పి ఎంతో నోరు విప్పి చెప్పక్కర్లేని మనిషి నాకు ఆవిడొక్కరే. ఆవిడకి కిడ్నీలు పూర్తిగా పోయాక, డయాలసిస్ మర్నాడు వేళ్లు ఏమాత్రం ముడుచుకోకపోయినా, చెయ్యి మాత్రం ఎత్తి చూపించేవారు.

ఇవాళ లేచేసరికి నా వేళ్లు చక్కగా ముడుచుకున్నాయి. అలవాటుగా కిటికీ తెరిచి గుప్పిట ఎత్తాను. ఎదురుగా కిటికీ మూసి ఉంది. గుమ్మం పక్కన మేకుకి ఆవిడ గొడుగు వేలాడుతోంది. ఎండ మెల్లగా నా చేతి మీదికి వచ్చింది. దించమని చెప్పేవాళ్లు లేరు.