గోల్‌కీపరు పాడె

మేనల్లుడు రమణ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు. ఫైనలు చూడ్డానికి రమ్మని చెల్లెలు సూరీడమ్మ కబురు పెడితే, ఎనభైల మొదట్లో ఒక ఆగస్టులో జంషెడ్‌పూర్ బయల్దేరాను. సాయంత్రం విజయనగరంలో రైలెక్కి, ఖరగ్‌పూర్‌లో మారి, టాటానగర్ దాకా నిలబడే వెళ్ళాను. పక్కనున్న వెల్డరు, మనవైపు మనిషే, "మేచ్‌కేటి? ముందు జులూసు సూడండి బావూ, ఆటకన్నా అదే బాగుంటాది" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రిక్షా చెల్లెలుండే సీతారాండేరా మలుపు తిరిగేసరికి ముందు ఆ జులూసు, అదే ఊరేగింపు, వెళ్తోంది. డప్పులు, పచ్చ జెండాలు, మధ్యలో వెదురు పాడె మీద గడ్డిబొమ్మ, దాని గుండెల మీద హిందీలో ఏదో పేరు. నాకు హిందీ అక్షరాలు రావు. మా చెల్లెలి వీధే కనక మన జట్టువాళ్ళే అనుకున్నాను. డప్పు మోగితే నా కాళ్ళు నా మాట వినవు. సంచీ రిక్షాలోనే వదిలి దిగాను. ఒకతను చోటిస్తే పాడెకి భుజం పట్టాను, అందరితో పాటు గొంతెత్తి ఏడ్చాను కూడా.

జులూసు ఒక ఇంటి ముందు ఆగింది. అరుగు మీద సూరీడమ్మ.

"అన్నియ్యా, ఏటిది? అది మా రవణ పేరు!"

ఫైనలు రోజున ఒక జట్టువాళ్ళు ఎదుటి జట్టు గోల్‌కీపరు ఇంటి గుమ్మం దాకా పాడె తెచ్చి శోకాలు పెట్టడం అక్కడ ఏటేటా జరిగే సరదా అట. అందులో మేనమామ భుజం పట్టడం మాత్రం ఎప్పుడూ లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"లోపలికి రాకు. ముందు తానం చెయ్యి" అని కుళాయి చూపించింది. నిజం పాడె మోసినవాడిలా బట్టలతోనే తల తడుపుకున్నాను. అన్నం పెట్టింది. మూడింటికి ఆట. ఆమె వెళ్ళలేదు, గడప మీద కూర్చుని వీధి వైపే చూస్తోంది. ఏ ముఖంతో నేను వెళ్ళను?

"ఓడిపోనీ, గెలవనీ. ఆడు ఇంటికి రావాల, అంతే" అంది.

ఆరింటికి రమణ వచ్చాడు, మోకాళ్ళ నిండా బురద. ఓడిపోయారు. సంగతి విని పడీపడీ నవ్వాడు. "అరే మామా, ఏ తో ఖేల్ హై!" ఆటే కదా అంటాడు. వాళ్ళమ్మ నవ్వలేదు. వాడి తల నిమిరి, లోపలికెళ్ళి ఏడ్చింది. అది వింటుంటే వీధిలో నేనేడ్చిన దొంగ ఏడుపు గుర్తొచ్చి తలెత్తలేకపోయాను.

మర్నాడు స్టేషనుకి ఇద్దరూ వచ్చారు. రైలు కదులుతుండగా సూరీడమ్మ కిటికీలోంచి పులిహోర పొట్లం అందించింది.

"ఈడి పెళ్ళికి రా అన్నియ్యా. పల్లకీ మోద్దువుగాని."

ఊరు బాగుంటుంది, జులూసు చూడదగ్గదే. వెళ్ళేవారు మాత్రం ఎవరి పేరో కనుక్కుని భుజమివ్వండి. ఖరగ్‌పూర్ దాటినా నాకు ఆ పొట్లం విప్పబుద్ధి కాలేదు.