ఆమె మాట, నా నోట

తొంభైల మొదట్లో ప్రతి మంగళవారం వనపర్తి నుంచి బస్సులో గద్వాల దవాఖానకు వెళ్లి, దిగులుతో కుంగిపోయినవాళ్లతో మాట్లాడేవాణ్ణి. శిక్షణలో మాకొక ఉపాయం నేర్పారు. మనిషి చేసే పనిలోంచే ఒక పోలిక తెచ్చి చెబితే మాట మనసుకెక్కుతుందట. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, నాదీ అదే వరస. రైతు వస్తే వాన, నేతగాడు వస్తే పోగు. మగ్గాన్ని దగ్గరగా చూసిన పాపాన మాత్రం పోలేదు.

ఒక నేతగాడు భార్యను తీసుకొచ్చాడు. జ్వరమొచ్చి కూతురు పోయిన నాటి నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదు, తిండి కూడా అంతంతే. ఆమె పని అచ్చు అతకడం. మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను, బూడిద అద్దిన వేళ్లతో ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. భర్త ఆ సంగతి చెప్పగానే నాకు సంబరమైంది.

“బతుకూ అంతేనమ్మా. పోగు తెగితే అతుకుతాం, చీర ముందుకు సాగుతుంది” అన్నాను. రెండు మంగళవారాలు అదే పాట పాడాను. మూడోసారి ఆమె తలెత్తింది.

“అతకాలంటే రెండు కొసలుండాలె సారూ. నా తాన ఒక్కటే ఉంది.”

భర్త ఏడ్చేశాడు. నెలల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. నేను చేయాల్సిందల్లా నోరు మూసుకుని వినడం. అది చేయకుండా నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకున్నాను. ఎంత బాగుందో అని మురిసిపోయాను కూడా. “వచ్చే మంగళవారం రండమ్మా, మాట్లాడుకుందాం” అని పంపేశాను.

ఆ మంగళవారం హైదరాబాదులో మా వృత్తివాళ్ల సమావేశముందని, పిలుపు వచ్చిందని, ఆమెకు కబురైనా పెట్టకుండా వెళ్లిపోయాను. అక్కడ లేచి ఆమె మాట చెప్పాను. “ఈ పోలిక ఎవరిదయ్యా?” అని ఒక పెద్దాయన అడిగాడు. “నాకే తట్టింది సార్” అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

తిరిగొచ్చాక కాంపౌండర్ చెప్పాడు. “ఆ అమ్మ ఒక్కతే వచ్చింది సార్. మీ గది ముందట మాపటిదాంక కూసుంది. మీరు హైద్రాబాద్ పోయిండ్రని చెప్తే లేచి పోయింది.” భర్త తోడు లేకుండా ఆమె రావడం అదే మొదలు.

మర్నాడే వాళ్లింటికి వెళ్లాను. ఆమె మగ్గం దగ్గర కూర్చుని పోగులు అతుకుతోంది. తలెత్తలేదు.

“పోయిన పని మంచిగైందా సారూ?”

“మంచిగానే అయిందమ్మా” అన్నాను. అంతకుమించి చెప్పే ధైర్యం లేక తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చివరికి, మళ్లీ మంగళవారం తప్పకుండా రమ్మని, ఈసారి ఎక్కడికీ పోనని బతిమాలాను.

“ఆ దినం చెప్పబుద్ధయింది సారూ” అందామె, చేతిలో పని ఆపకుండానే. “ఇప్పుడు బుద్ధయితలేదు.”