మూడో చాంబర్‌లో తొమ్మిది పాటలు

నాసిర్ ముప్పై ఏళ్లు వేదిక మీద ఎడమ చివరనే నిలబడ్డాడు. హన్మకొండ దోస్తులు నలుగురు పెట్టుకున్న ‘దుమారం’ అనే రాక్ బ్యాండ్‌లో అతను బేస్ గిటార్ వాయించేవాడు. లైటు మాత్రం ఎప్పుడూ మధ్యలో నిలబడ్డ శ్యాంసుందర్ మీదే పడేది. పాట రాసేది శ్యాంసుందర్, పాడేది శ్యాంసుందర్, జనం కేక వేసేది అతని పేరే. నాసిర్ దానికి ఎన్నడూ బాధపడలేదు. ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో యంత్రాలు చూసుకునే ఉద్యోగం అతనిది. ప్రోగ్రాం ఉన్న రోజు చేతుల గ్రీజు కడుక్కుని గిటార్ భుజానికి తగిలించుకుని బయల్దేరేవాడు.

శ్యాంసుందర్‌కు గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌తో ముందు మాట పోయింది, ఆర్నెల్లకు మనిషి పోయాడు. బ్యాండ్ అక్కడితో ఆగిపోయింది.

రెండేళ్లు గడిచాక, యాభై ఎనిమిదో ఏట, నాసిర్ తన అక్క బిడ్డ రుహీని పిలిచి మెల్లగా చెప్పాడు. “నేనొక్కన్నే ఒక ఆల్బమ్ చేద్దామనుకుంటాన బిడ్డా. పాడేది గూడ నేనే.”

రుహీ మడికొండలో ఐటీ ఉద్యోగం చేస్తుంది. సెలవు రోజుల్లో లాప్‌టాప్ మీద పాటలు రికార్డ్ చేయడం ఆమెకు సరదా. మేనమామ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. “నువ్వు పాడుతవా మామూ?” అని నవ్వి, మరుక్షణమే మైకులు సర్దింది.

అది జనవరి. పాత సరుకంతా పోయి, కొత్త మిర్చి ఇంకా రాలేదు. కోల్డ్ స్టోరేజీలో మూడో చాంబర్‌ను, అంటే మూడో చలిగదిని, కడిగి ఆరబెట్టారు, యంత్రం ఆపేశారు. రికార్డింగ్ అక్కడే పెట్టుకున్నారు. మూరెడు మందం గోడలు. తలుపు మూస్తే బయట లారీల చప్పుడు కత్తిరించినట్టు ఆగిపోయేది. తమ గుండె కొట్టుకోవడం తమకే వినిపించేంత నిశ్శబ్దం. గోడల్లోంచి మిర్చి ఘాటు మాత్రం పోలేదు. మొదటి ఆదివారం పాడిందానికంటే దగ్గిందే ఎక్కువ. నాలుగు ఆదివారాల్లో తొమ్మిది పాటలు పూర్తయ్యాయి.

ఆ సోమవారం రుహీ పాటల్ని ఫోన్‌కు పంపింది. మధ్యాహ్నం అన్నం తిని మెట్ల మీద కూర్చుని నాసిర్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. గిటార్ మొదలైంది. మొదటి లైనుకు ముందు ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. దాని చివర సన్నని ఈల.

నాసిర్ చూపుడువేలు అతనికి తెలియకుండానే మోకాలి మీద తీగ మీటినట్టు కదిలింది.

చిన్నప్పుడు క్రికెట్ బంతి తగిలి శ్యాంసుందర్ ముక్కు ఎముక విరిగింది. ఊపిరి లాగినప్పుడల్లా ఆ ఈల వచ్చేది. మైకు వాళ్లు గొణుక్కునేవారు. నాసిర్ మాత్రం ఆ ఈల కోసమే కాచుకుని ఉండి, అది వినగానే తీగ మీటేవాడు. ముప్పై ఏళ్ల అలవాటు. ఇంకొకరి ఊపిరని పొరపడే చెవి కాదు అతనిది.

సాయంత్రం ఫోన్ చేశాడు. “పాటల నడుమ ఊపిరి ఇనవడుతాంది చూడు, అది తీసెయ్యి బిడ్డా.”

“అందరిదీ ఇనవడ్తది మామూ, మంచిగనే ఉంటది.”

“అది నాది కాదు.”

రుహీ లాప్‌టాప్ ముందేసుకుని ఒక్కో లైను చూసింది. మళ్లీ మాట్లాడినప్పుడు ఆమె గొంతు మారింది. “ప్రతి లైనుకు ముందు ఒక్కటే ఊపిరుంది మామూ. అది నీది కాకపోతే, మరి నీదేది?”

మరుసటి ఆదివారం పరీక్షించి చూశారు. నాసిర్ ముందే గుండెనిండా గాలి పీల్చుకుని బిగబట్టాడు. అప్పుడు రుహీ రికార్డింగ్ నొక్కింది. అతను ఒక లైను పాడి ఆపాడు. ఇద్దరూ విన్నారు. పాటకు ముందు, ఉండాల్సిన చోటనే, నింపాదిగా ఆ ఊపిరి. చివర ఈల.

“శ్యాంసుందర్‌ది” అన్నాడు నాసిర్. రుహీ లేచి పోయి తలుపు బార్లా తెరిచింది. ఎండలో నిలబడి, లోపలికి రాకుండానే అడిగింది. “ఐదో పాటల ఇంకోటుంది. చివర గిటార్ ఒక్కటే ఉన్నకాడ గూడ మూడుసార్లు పీల్చిండు. ఆడ పాట లేదు గదా మామూ? మరి ఎందుకు పీలుస్తాండు?”

నాసిర్‌కు తెలుసు. ఐదో పాట తనది కాదు.

శ్యాంసుందర్ దవాఖానలో ఉన్న చివరి రోజున మంచం కమ్మి మీద వేళ్లతో దరువేసి, పెదాలు కదిపి ఒక వరుస చూపించాడు. ఆ వేలితోనే నాసిర్ అరచేతిలో ఒక్కో అక్షరం రాసి మాటలు చెప్పాడు. ఆఖరి లైను దగ్గరికి రాగానే, టైం అయిపోయిందని నర్సు నాసిర్‌ను బయటికి పంపింది. తెల్లారేసరికి శ్యాంసుందర్ లేడు. ఆ లైను ఉండాల్సిన చోట ఇప్పుడు గిటార్ ఒక్కటే ఉంది. నాసిర్ ఆ పాట గురించి ఎవరికీ చెప్పలేదు. మొదట దుఃఖంతో చెప్పలేదు, తరువాత చెప్పబుద్ధి కాలేదు. చివరికి ఆల్బమ్ అట్ట మీద ‘పాటలన్నీ నాసిర్’ అని రాయించినప్పుడు అది అబద్ధమని కూడా అనిపించలేదు.

మర్నాడే సెలవు పెట్టి వర్ధన్నపేట బస్సెక్కాడు. శ్యాంసుందర్ భార్య వినోద అక్కడే అంగన్‌వాడీలో టీచరు. నాసిర్ ఏమీ చెప్పకుండా ఫోన్ ఆమె చేతికిచ్చి ఐదో పాట పెట్టాడు.

మొదటి ఊపిరికే ఆమె తల ఎత్తి గుమ్మం వైపు చూసింది. ఎవరూ రాలేదని తెలిసినా అటే చూస్తూ పాట మొత్తం విన్నది.

“మా ఆయనే” అన్నది. ఆమెకు భయం వేసినట్టు లేదు. ఫోన్ తిరిగివ్వకుండానే, “గీ పాట నీకెట్ల దొరికింది నాసిరన్నా?” అని అడిగింది.

అతను అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలోని ఫోన్‌నే చూశాడు.

“ఆపరేషన్‌కు ముంగట వంటింట్ల నాకు పాడి ఇనిపిచ్చిండు. రెండేండ్ల సంది ఎన్ని నోటుబుక్కులు దేవులాడిన్నో! ఒక్క మాటన్న దొరుకుతదేమోనని. నీ దగ్గర దాసుకున్నవా?”

“తప్పు జేసిన వదినె.”

“చేసినవ్” అన్నదామె. లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది, అతను తాగేదాకా నిలబడింది. “ఆఖరి లైను నాకెరుకే” అన్నది అప్పుడు.

“చెప్తవా?”

“చెప్ప. వచ్చి పాడుత.”

ఆ తరువాతి ఆదివారం ముగ్గురూ మూడో చాంబర్‌లో నిలబడ్డారు. రుహీ ఈసారి తలుపు పక్కనే కూర్చుంది. నాసిర్ పాడాడు, చివరి గిటార్ వాయించాడు. వినోద మైకు దగ్గరికి వచ్చింది. ఆ రోజు హెడ్‌ఫోన్ల అవసరం పడలేదు. ఆ ఊపిరి గదిలోనే, వాళ్లిద్దరి మధ్య, అందరికీ వినిపించింది. రుహీ రికార్డింగ్ ఆపలేదు. సంగీతం నేర్వని గొంతుతో వినోద పాడింది.

“తలుపు దగ్గరికేసి పో, గడియ వెయ్యకు...”

పాట ముగిసింది. అప్పుడు నాసిర్ దీర్ఘంగా గాలి పీల్చాడు. నీళ్లలోంచి పైకి తేలిన మనిషిలా రొప్పుతూ పీల్చాడు. ఆ శబ్దం కూడా రికార్డయింది. ఆల్బమ్ మొత్తంలో నాసిర్ సొంత ఊపిరి అదొక్కటే.

ఫిబ్రవరి చివర్లో కొత్త మిర్చి వచ్చి చాంబర్ నిండింది. మార్చిలో ఆల్బమ్ ఇంటర్నెట్‌లో పెట్టారు. ఐదో పాటకు శ్యాంసుందర్ పేరు, వినోద పేరు వేశారు. ఆ ఊపిర్లను రుహీ తీయలేదు, తీయమని నాసిర్ మళ్లీ అడగలేదు. పాత అభిమానులు కొందరు విని మెచ్చుకున్నారు. ‘దుమారం’లో డ్రమ్స్ వాయించిన రమాకాంత్ కరీంనగర్ నుంచి ఫోన్ చేసి ఏడ్చాడు.

నాసిర్ ఇప్పుడు రెండో ఆల్బమ్‌కు పాటలు రాసుకుంటున్నాడు. ఎక్కడ రికార్డ్ చేద్దామని రుహీ రెండుసార్లు అడిగింది. మళ్లీ మూడో చాంబర్‌లోనా, బయట ఇంకెక్కడైనానా, అతను ఇంకా తేల్చుకోలేదు.