ఓకే చెయ్యని అరుపు

ఒక మనిషి గొంతు నేను పాడుచేసినాను. తెలిసే చేసినాను. ఇన్నేళ్ళుగా ఈ సంగతి లోపలే పెట్టుకోని తిరగతా ఉండాను. ఇంటాయనకు చెప్పలేదు. అక్కకు చెప్పలేదు. దేవుడికి కూడా నేరుగా చెప్పలేదు, ఎప్పుడు గుడికి పోయినా "తప్పులేమన్నా ఉంటే క్షమించు స్వామీ" అని అన్నిటితో పాటు కలిపేసి, చెంపలేసుకోని వచ్చేసేదాన్ని. ఏమన్నా ఉంటే అంట! ఉందని నాకు తెలీదా ఏంది?

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్తా ఉండాను. నా పేరు మాత్రం అడగొద్దండి.

ముందు నా పనేందో చెప్పాల. ఈడ మెడ్రాసులో తమిళ సినిమాలు తెలుగులోకి మార్చేటప్పుడు డబ్బింగ్ ఇన్‌చార్జ్ అని ఒకరుంటారు. అద్దానికి అవతల గదిలో మైకు ముందర ఆర్టిస్టు నిలబడి, తెర మీద నోరు కదిలినట్ల మాట చెప్తాది. ఇవతల సౌండ్ ఇంజనీరు పక్కన నేను కూచోని వింటాను. తెలుగు సరిగ్గా ఉందా, పెదాలకు కుదిరిందా, ఏడుపు ఏడుపు మాదిరే ఉందా అని చూసి, బాగుంటే "ఓకే" అంటాను. లేదంటే "ఇంకొకటి" అంటాను. నేను ఓకే అనేదాకా ఆర్టిస్టు ఆ మైకు ముందర నుంచి కదలకూడదు. అదీ నా చేతిలో ఉండే అధికారం. చిన్నదే. కానీ ఆ గదిలో అంతకు మించినది ఇంకొకటి లేదు.

సినిమా పేరు చెప్పను. చెప్పినా మీకు గుర్తుండదు లెండి. కారు చెడిపోయి నలుగురు పిల్లకాయలు మెడ్రాసు చివర్న ఎన్నూరు పక్క మూతబడిన ఐసు ఫ్యాక్టరీలోకి పోతారు. ఆడ ముసుగేసుకున్నోడు ఒకడు వాళ్ళను కుర్చీలకు కట్టేసి గోళ్ళు పీకతాడు, వేళ్ళు కోస్తాడు. ఎందుకు? ఆఖరిదాకా చెప్పరు. డైరెక్టరుకే తెలీదని నా అనుమానం. రక్తమేమో రోజ్ మిల్కు కాస్త చిక్కగా కలిపినట్టు ఉంటాది. కట్టేసేది, కోసేది, అరిచేది. మళ్ళీ ఇంకొకర్ని కట్టేసేది, కోసేది, అరిచేది. మనకు భయం పుట్టాలంటే ముందు ఆ పిల్లలు ఎవరు, వాళ్ళకేం కావాల, ఇంటికి పోతే వాళ్ళకోసం ఎవరు ఎదురుచూస్తా ఉంటారు అని తెలియాల కదా? అదేం లేదు. పని మొదలుపెట్టే ముందు మొత్తం వేసి చూస్తే నాకొచ్చింది ఆవలింత. హీరోయిన్‌కు మాటలు తక్కువ. అరుపులే అరుపులు.

హీరోయిన్‌కు గొంతిచ్చిన పిల్లను సుజాత అనుకుందాం. అసలు పేరు అది కాదు. తెనాలి పక్కనుంచి వచ్చింది, స్టూడియోలుండే సాలిగ్రామంలో ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి గది తీసుకోని ఉన్నింది. మంచి గొంతు. అబద్ధమెందుకు, అట్లాంటి గొంతు నా సర్వీసులో ఎక్కువ వినలేదు. ఆ పిల్ల మాట మొదలుపెడితే, తెలుగు ఒక్క ముక్క రాని మా ఇంజనీరు కూడా సెల్లు పక్కన పెట్టి వినేవాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉండాది. అరుపులన్నీ ఆఖర్న పెట్టుకుంటాం. ముందు మాటలన్నీ ముగించి, ఆ తర్వాత అరుపులు తీసుకోని, ఆర్టిస్టును కొన్ని రోజులు గొంతుకు విశ్రాంతి ఇవ్వమని పంపించేస్తాం. ఎందుకంటే నిజంగా ప్రాణం పెట్టి అరిచినాక మరుసటి రోజు గొంతు పలకదు. ఇది కొత్తగా వచ్చినోళ్ళకు కూడా తెలిసిందే.

అదే వారంలో ఇంకొక పెద్ద సినిమాకు వాయిస్ టెస్ట్ జరగతా ఉన్నింది. హీరోయిన్ బొంబాయి అమ్మాయి, తెలుగు రాదు. ఒకసారి గొంతు కుదిరిందంటే ఆమె తెలుగులో చేసే ప్రతి సినిమాకూ అదే గొంతును పిలుస్తారు. ఒక ఆర్టిస్టు బతుకే మారిపోతాది. ఎంతోమందిని విని, వడగట్టి, ఆఖరికి ఇద్దర్ని మిగిల్చినారు. ఒకరు సుజాత. రెండోది మా అక్క కూతురు.

అర్థమైపోయింది కదా మీకు.

సుజాత నా దగ్గరికి వచ్చి, చేతులు నలుపుకుంటా, "అక్కా, రేపు పొద్దున ఆ టెస్ట్ ఉంది కదా. అరుపులు ఎల్లుండికి పెట్టుకుందామా?" అని అడిగింది. న్యాయమైన మాటే. నేను మొహం సీరియస్‌గా పెట్టి, స్టూడియో మళ్ళీ దొరకదమ్మా, ఈ రోజే ముగించేయాల అన్నాను. పచ్చి అబద్ధం. ఆ వారమంతా స్టూడియో ఖాళీగానే ఉన్నింది. ఆ పిల్ల నమ్మింది. నమ్మక ఏం చేస్తాది, నేను కదా ఇన్‌చార్జ్‌ని.

మొదటి అరుపుకే నా ఒళ్ళు జలదరించింది. అరిచే ముందు ఒక చిన్న వెక్కిళ్ళ ఊపిరి తీసుకునింది చూడండి, తెర మీద ఆ చేతకాని హీరోయిన్ కూడా ఒక్క నిమిషం నిజం మనిషి అయిపోయింది. ఇంజనీరు నా వైపు తిరిగి నవ్వినాడు. ఓకే అనాల. నేను బటన్ నొక్కి, "బాగుందమ్మా, కానీ ఇంకొకటి చేద్దాం" అన్నాను.

ఆ తర్వాత ఎన్ని చేయించినానో లెక్క పెట్టుకోలేదు. ఒకసారి నొప్పి చాల్లేదన్నాను. ఒకసారి ఊపిరి ఎక్కువ వినపడిందన్నాను. ఒకసారి ఊరికే తల అడ్డంగా ఊపినాను, కారణం కూడా చెప్పలేదు. ప్రతిసారీ ఆ పిల్ల ఫ్లాస్కులో వేడినీళ్ళు ఒక గుక్క తాగి, "సారీ అక్కా" అని మళ్ళీ నిలబడేది. మధ్యలో ఇంజనీరు తమిళంలో "పోదుం మేడం" అన్నాడు. చాలు అని. తెలుగు రానివాడివి, నీకేం తెలుసులే అని వాడి నోరు మూయించినాను. అరుపుకు తెలుగేంది, తమిళమేంది? వాడు మాత్రం ఆ తర్వాత నా మొహం చూడలేదు.

చివరికి ఆ పిల్ల గొంతు పాతగుడ్డ చినిగినట్టు చినిగింది. అప్పుడు ఓకే అన్నాను. అన్నిటికంటే పనికిమాలిన టేకు అదే. బయటికి వచ్చి, మాట రాక, చేతులెత్తి నాకు దండం పెట్టి పోయింది.

మరుసటి రోజు టెస్ట్‌లో ఆమెకు గాలి తప్ప మాట రాలేదంట. అవకాశం మా అక్క కూతురికి వచ్చింది. ఇంట్లో పాయసం చేసినారు, నేనూ తాగినాను.

సుజాత గొంతు బాగుపడుతుందిలే అనుకున్నాను. వారం, పది రోజులు, అంతే కదా అని. బాగుపడలేదు. డాక్టరు మాట్లాడొద్దు అన్నాడంట, నెలల తరబడి మాట్లాడలేదంట. తర్వాత మాట వచ్చింది కానీ, పైకి పోయేటప్పుడు జీర వచ్చేది. హీరోయిన్‌కు జీర గొంతు ఎవరు పెట్టుకుంటారు? కొన్నాళ్ళు గుంపులో అరిచే గొంతులు, పనిమనిషి గొంతులు చెప్పింది. ఆ తర్వాత కనపడడం మానేసింది.

ఎందుకు చేసినాను? చాలా ఏళ్ళు నాకు నేనే ఒక కథ చెప్పుకున్నాను. మేము తాతల కాలం నుంచి మైలాపూరులో ఉండేవాళ్ళం, నా నోట్లో ఈడ, ఆడ అనే వస్తాది. ఒకరోజు టీ తాగేటప్పుడు సుజాత నా మాట అట్లే దించేసింది. అందరూ పడీపడీ నవ్వినారు. నేనూ నవ్వినాను, లోపల మండింది. అందుకే చేసినాను, కోపంలో చేసినాను, కోపంలో మనిషి ఏమన్నా చేస్తాది అని సర్ది చెప్పుకున్నాను. కానీ మా అక్క కూతురు ఆ టెస్ట్‌లో లేకుంటే, ఆ పిల్ల నవ్వినందుకు నేను గొంతు చినిగేదాకా అరిపించి ఉంటానా? ఉండను. నాలుగు మాటలు తిట్టి ఊరుకోని ఉంటాను. కోపం కాదు. లెక్క వేసుకోనే చేసినాను. ఇంకొక సంగతి చెప్పనా? మా పిల్ల కూడా మంచి ఆర్టిస్టే. న్యాయంగా పోటీ జరిగి ఉంటే తనే గెలిచేదేమో. ఇప్పుడది ఎవరికీ తెలియదు, తనకు కూడా తెలియదు. ప్రతి పండక్కీ నాకు చీర తెచ్చి, "పిన్నీ, అంతా నీ చలవే" అంటాది. నాకు చచ్చిపోవాలనిపిస్తాది.

ఆ సినిమా వచ్చింది. మ్యాట్నీకి పోయినాను. హాల్లో ఉన్నదే కొద్దిమంది, అందులో ఒకాయన నిద్రపోతా ఉన్నాడు. హీరోయిన్ మొదటిసారి అరిచినప్పుడు ఆ చిన్న వెక్కిళ్ళ ఊపిరి వినపడింది. మొదటి టేకే వాడినారు! తర్వాతవన్నీ పారేసి, నేను వద్దన్నది పెట్టుకున్నారు. ఇంజనీరే ఎత్తి పెట్టి ఉంటాడు. నా వెనకాల సీట్లో పిల్లకాయలు ఆ అరుపును ఎగతాళి చేసి కీచుమని అరిచి, గట్టిగా నవ్వుకున్నారు. ఎవరికీ భయం వెయ్యలేదు. వారం తిరక్కుండానే తీసేసినారు.

ఇది ఇక్కడితో అయిపోయుంటే, ఇంకా కొన్నాళ్ళు నోరు మూసుకోని ఉండేదాన్నేమో. ఈ మధ్య మైలాపూరులో రైలెక్కి కూచుంటే, ఎదురుగా ఒకామె నన్నే చూస్తా ఉన్నింది. సుజాత. ఒళ్ళు చేసింది, మెళ్ళో ఆఫీసు కార్డు. షోళింగనల్లూరులో ఏదో కంపెనీలో పనంట, తిరువాన్మియూరులో దిగి బస్సు పట్టుకోవాలంట. గొంతు బొంగురు.

"బాగున్నారా అక్కా?" అంటా పక్కనే వచ్చి కూచుంది. నా మోకాళ్ళ నొప్పులు అడిగింది, స్టూడియోలో ఎవరెవరున్నారని అడిగింది. తర్వాత ఇంకాస్త దగ్గరికి జరిగి, "అక్కా, ఎప్పటినుంచో మిమ్మల్ని ఒకటి అడగాలని. ఏమనుకోరుగా?" అనింది.

"అడుగమ్మా."

"ఆ రోజు ఆ అరుపులు... మీరు అంత ఓపిగ్గా అన్నిసార్లు అవకాశమిచ్చారు. నాకే చేతకాలేదు. మీ టైమంతా పాడుచేశాను. కానీ ఏం తక్కువైందో నాకిప్పటికీ తెలీలేదక్కా. ఏం తక్కువైంది?"

నా ఓపిక అంట! ఇన్నేళ్ళూ ఆ పిల్ల తప్పు తనదే అనుకుంటా ఉన్నింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా. మా అక్క కూతురి అవకాశం ఇప్పుడెవరూ లాక్కోరు. నన్నెవరూ ఉద్యోగంలోంచి తియ్యరు. పోయేదంతా ఆమె కళ్ళల్లో నా మర్యాద ఒక్కటే. దాన్ని కాపాడుకున్నాను.

"గొంతులో భయం చాల్లేదమ్మా" అన్నాను.

తల ఊపింది. "నేనూ అదే అనుకున్నానక్కా. అది పుట్టుకతో రావాలి, నాకు లేదు. మానేసి మంచి పనే చేశాను" అని, నా చెయ్యి ఒకసారి నొక్కి, తన స్టేషన్‌లో దిగిపోయింది.

మొదటిసారి గొంతు తీసినాను. రెండోసారి తన మీద తనకు మిగిలిన కాస్త నమ్మకం కూడా తీసేసినాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, క్షమించేదానికి మీరెవరు? ఆ పిల్ల నంబరు కూడా నేను తీసుకోలేదు, తీసుకోవాలని తోచినా తీసుకోలేదు. మీకు చెప్పినాను, అంతే. ఆ పిల్ల రైలు దిగినప్పటి నుంచి పట్టేసినట్టున్న ఊపిరి ఇప్పుడు కాస్త ఆడతా ఉండాది, దానికి కూడా సిగ్గుగానే ఉండాది.

సుజాతా, ఏం తక్కువైంది అని అడిగినావు. ఏమీ తక్కువ కాలేదమ్మా.