ఎడమ మడమ

ఆ నాటక సమాజంలో ఆవిడను అందరూ గుసగుసక్క అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని ఒక్కటే. రంగస్థలం పక్కన నల్ల తెర మడతలో చిన్న స్టూలు మీద కూర్చుని, నాటకం ప్రతిని ఒళ్లో పెట్టుకుని, నటుడు మాట మరిచిపోతే అందించడం. అందించిన మాట నటుడికి వినపడాలి, మొదటి వరసలో కూర్చున్నవాళ్లకు వినపడకూడదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న సన్నని దారిలో ఆవిడ గొంతు నడిచేది.

పగలు టైలరు దుకాణంలో కాజాలు కుట్టేది. కుడుతూనే పెదాలు కదిపేది. "ఏంటక్కా, సూది మింగావా, డైలాగు మింగావా?" అని టైలరు మాస్టారు ఆటపట్టించేవాడు. "ఏది మింగినా నీ చొక్కాలు ఆగవులే" అనేది ఆవిడ. ఒకప్పుడు తనూ వేషం వేయాలని వచ్చిన మనిషే. గొంతు నాలుగో వరస దాటదని తేలాక ఆ స్టూలు చూపించారు. అప్పటివరకు ఒక్క నాటకాన్ని కూడా ముందు కూర్చుని చూడలేదు.

సమాజానికి ప్రాణం పెద్దాయన. అరవై మూడేళ్లు. ఆయన వేషం లేకపోతే టిక్కెట్లు తెగవు. ఆయనకు విరామాలంటే ఇష్టం. మాట నోటిదాకా తెచ్చి ఆపేవాడు, హాలంతా ఆయనతోపాటు ఊపిరి బిగబట్టేది. ఆ ఆగడం నటనా, మరుపా అన్నది తేల్చుకోవడమే గుసగుసక్క విద్య. ఆయన ఆగే చోట్ల ప్రతిలో పెన్సిల్‌తో అడ్డగీత పెట్టుకునేది, తడబడే చోట్ల సున్నా చుట్టేది. వీటన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇంకొకటుంది, దాన్ని ఎక్కడా రాయలేదు. ఆయన కావాలని ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు అతుక్కుని ఉంటాయి. మరిచిపోయినప్పుడు ఎడమ మడమ వేలెడంత పైకి లేస్తుంది. ముందు కూర్చున్నవాళ్లకు బూటు ముక్కే కనిపిస్తుంది, మడమ కనిపించదు. ఆ సంగతి ఆయనకే తెలియదు.

ఆ ఏడాది వేస్తున్న నాటకంలో పెద్దాయన ఒక తండ్రి. పన్నెండేళ్ల కిందట ఇల్లు వదిలిపోయి, ముసలితనంలో తిరిగొస్తాడు. తలుపు తీసిన కూతురు ఆయన్ను పోల్చుకోలేక "ఎవరు కావాలండీ?" అంటుంది. "ఇక్కడొక కుర్చీ ఉండేది" అనాలి ఆయన. నాటకమంతా ఆ మాట మీదే నిలబడింది.

మూడో ప్రదర్శనలో గుసగుసక్క పొరబడింది. ఆ రోజు ఆవిడకు జలుబు, కళ్లలో నీళ్లు. పెద్దాయన కొత్తగా ఒక చోట ఆగాడు. మడమ సరిగా కనపడక, ఎందుకైనా మంచిదని మాట అందించింది. బొంగురు గొంతు రెండో వరసదాకా పోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

తెర పడ్డాక మేకప్ గదిలో ఆయన అద్దంలోంచే ఆవిడను చూశాడు. "మౌనానికీ మతిమరుపుకీ తేడా తెలియనిదానివి, ఆ పుస్తకం నీకెందుకమ్మా? ఇంట్లో కూర్చుని స్వెటర్లు అల్లుకో. అక్కడైతే ఎంత గొణుక్కున్నా ఎవరూ వినరు."

గదిలో అందరూ గొల్లున నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, నవ్వకపోతే ఇంకా చులకనైపోతానని. ఇంటికెళ్లి, ప్రతిలో ఆ కుర్చీ మాట పక్కనున్న పెన్సిల్ సున్నా కింద "అడిగితేనే" అని రాసుకుంది. పెన్సిల్ ముల్లు విరిగింది.

ఐదో ప్రదర్శనలో, సరిగ్గా ఆ గుమ్మం దగ్గరే, పెద్దాయన ఆగిపోయాడు. మడమ లేచింది. ఆవిడ చూసింది. మాట నాలుక మీదే ఉంది. అప్పుడు ఆయన కళ్లు మెల్లగా తెర మడత వైపు తిరిగాయి. ఇరవై రెండేళ్లలో ఆయన కళ్లతో అడగడం అదే మొదటిసారి. ఆవిడ ఆ కళ్లలోకి చూసి, తల దించుకుని, ఏదో వెతుకుతున్నట్టు పేజీ తిప్పింది.

పదకొండు అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు హాల్లో చీమ చిటుక్కుమనలేదు. పెద్దాయన గుమ్మంలోనే కూలబడ్డాడు. కూతురి వేషం వేసిన పిల్ల కంగారుపడి, నాటకంలో లేనిది, లోపలినుంచి నీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో గ్లాసు అందుకున్నాడు. మూడో వరసలో ఒకావిడ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ మాట లేకుండానే నాటకం సాగింది, అయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రెండు రోజుల తర్వాత పత్రికలో "మాటలు చెప్పలేనిది ఆ మౌనం చెప్పింది" అని వేశారు. దర్శకుడు ఆ ముక్క కత్తిరించి గోడకు అంటించాడు.

గుసగుసక్కకు ఆ రోజునుంచి నిద్ర సరిగా పట్టలేదు. చేసింది తప్పు. కానీ ఆ తప్పులోంచి వచ్చింది ఆ సమాజం ఏనాడూ చూడనంత గొప్ప ఘట్టం. తను మంచిదై మాట అందించి ఉంటే ఆ మూడో వరస ఆవిడ ఏడ్చేది కాదు. మరి కళ అనేది మనిషి మంచితనాన్ని అడగనే అడగదా? చెడ్డబుద్ధి కడుపున అందమైన బిడ్డ పుడితే, ఆ బిడ్డను ముద్దుచేయాలా, తల్లిని తిట్టాలా? పోనీ, విరామమే అనుకున్నానేమో అని ఆవిడ తనకు తను చెప్పుకోబోయేది. వెంటనే ఆ మడమ కళ్ల ముందు లేచేది.

మూడు వారాల తర్వాత పెద్దాయన భార్య దుకాణానికి వచ్చింది. చేతిలో బొత్తాం ఊడిన కోటు ఉంది కానీ, వచ్చింది దానికోసం కాదని ముఖం చూస్తేనే తెలిసింది.

"రిహార్సల్‌కి ఎందుకు రావట్లేదో తెలుసా మీ అన్నయ్య?" అంది, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

"ఒంట్లో బాగాలేదన్నారు కదా వదినా."

"ఒళ్లు బాగానే ఉంది. చెవుల డాక్టరుకి చూపించుకున్నాడు, చెవులూ బాగున్నాయట. అయితే పోయింది బుర్రేనంటాడు. ఇంటినిండా చీటీలు అంటిస్తున్నాడమ్మా. చక్కెర డబ్బా మీద చక్కెర, బీరువా మీద బీరువా! ముప్పై ఏళ్లుగా చక్కెర ఎక్కడుందో తెలియని మనిషివి, ఇప్పుడు చీటీ ఎందుకయ్యా అంటే వినడు." నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ రోజు గుమ్మం దగ్గర మరిచిపోయాడట. నువ్వు అందించావట. తనకు వినపడలేదట."

గుసగుసక్క వేలికి సూది గుచ్చుకుంది.

"నేను అందించానని ఎవరన్నారు?"

"ఎవరనేదేంటి? ఆయనే. 'అది అందించకుండా ఉండదే, తన పేరైనా మరిచిపోతుందేమోగానీ నా మాట మరవదు. వినపడలేదంటే లోపం నాలోనే ఉంది' అంటాడు. ఆదివారం మీ దర్శకుడితో చెప్పి వేషాలు మానేస్తాడట. నా నుదుట ఇలా రాసుంది, ఇంతేనంటాడు. మానేస్తే ఆ మనిషి ఏడాది బతకడు, నాకు తెలుసు."

ఆ సాయంత్రం గుసగుసక్క తన చెల్లెలికి అంతా చెప్పింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. చెల్లెలు స్కూల్లో లెక్కల టీచరు, మాట కూడా లెక్కలాగే ఉంటుంది.

"చెప్తే ఏమవుతుంది?"

"నా స్టూలు పోతుంది."

"చెప్పకపోతే?"

"ఆయన వేషాలు పోతాయి."

"నిన్ను స్వెటర్లు అల్లుకోమన్నవాడు. పోనీ పోతే."

గుసగుసక్క తినడం ఆపి కంచం పక్కకు జరిపింది. చెల్లెలు గిన్నెలు సర్దుతూ అంది: "ఒక పని చెయ్యి. ఆ రోజు నా గొంతు పెగల్లేదు అన్నయ్యా అను. నీకూ పోదు, ఆయనకూ పోదు."

ఆ అబద్ధం చాలా బాగుంది. కాజాకు సరిపోయే బొత్తాంలా ఉంది. శనివారం పొద్దున పెద్దాయన ఇంటి మెట్లెక్కేదాకా గుసగుసక్క దాన్నే నోట్లో తిప్పుకుంది.

ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. కిటికీ చట్రం మీద "కిటికీ" అని చీటీ ఉంది.

"రా అమ్మా. అద్దం మీద అంటించలేదులే, చూసుకుంటే నేనే కదా ఉండేది" అన్నాడు.

"అన్నయ్యా, ఆ రోజు నేను మాట అందించలేదు."

ఆయన పెద్దగా, ఇల్లంతా వినపడేలా నవ్వాడు. భార్య వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "విన్నావా? అందించనే లేదట! ఉంటే కదా నాకు వినపడేది!" లేచి కిటికీ మీది చీటీ పీకి నలిపి పారేశాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. భార్య గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

నవ్వు అయిపోయాక ఆయన నెమ్మదిగా కూర్చున్నాడు. "విరామమనుకున్నావు కదూ. అంతకుముందు నేను నానా మాటలూ అన్నాను. భయపడి ఉంటావు."

ఆయనే తలుపు తీసి పెట్టాడు. అవునంటే చాలు. గొంతు పెగల్లేదని కూడా చెప్పక్కర్లేదు.

"కాదన్నయ్యా. మరిచిపోయారని తెలుసు. మీరు నా వైపు చూశారు. కావాలనే తల దించుకున్నాను."

"తెలుసా? ఎలా తెలుసు?"

"మరిచిపోయినప్పుడు మీ ఎడమ మడమ లేస్తుంది. ఎప్పుడూ అంతే."

పెద్దాయన తన పాదం వంక చూసుకున్నాడు, ఎవరిదో పాదాన్ని చూస్తున్నట్టు. "అయితే వాళ్లు చప్పట్లు కొట్టింది నటనకు కాదు" అన్నాడు. "నేను నిజంగా భయపడ్డాను. నా భయానికి కొట్టారు. జీవితంలో నేను చేసినవాటిలో గొప్పది అదేనట, అందులో నేను చేసిందేమీ లేదు."

"అలా అనకండి."

"నువ్వు చేసిన పనికి నిన్ను తిట్టాలి. తిట్టే నోరు నాకు లేదు, ముందు మొదలుపెట్టింది నేనే. అయినా ఆ స్టూలు మీద ఇక నువ్వు వద్దమ్మా. కోపం కాదు. నువ్వక్కడుంటే నేను నా కాలే చూసుకుంటూ ఉంటాను." ఆవిడ వెళ్తుంటే గుమ్మందాకా వచ్చి మళ్లీ పిలిచాడు. "ఈ మడమ సంగతి ఇంకెవరికీ చెప్పకు."

ఆవిడ చెప్పలేదు. ప్రతిని తన చోటికి వచ్చిన దర్శకుడి మేనకోడలికి ఇచ్చేటప్పుడు గీతలేమిటో, సున్నాలేమిటో చూపించింది. "ఆగారో మరిచారో ఎలా తెలుస్తుందక్కా?" అని ఆ అమ్మాయి అడిగితే, "చూస్తూ ఉంటే తెలుస్తుంది" అని మాత్రం అంది. "అడిగితేనే" అన్న మాటను అంతకుముందే రబ్బరుతో చెరిపింది. కాగితం మీద మచ్చ మిగిలింది.

మళ్లీ ప్రదర్శన రోజు గుసగుసక్క టిక్కెట్టు కొనుక్కుని ఏడో వరసలో కూర్చుంది. ముందు నుంచి చూస్తే అంతా వేరేగా ఉంది. తెరకు రంగుంది. పెద్దాయన ముఖానికి రెండు పక్కలున్నాయి. ఆయన గుమ్మం దగ్గరికి వచ్చాడు. కూతురు తలుపు తీసింది. "ఎవరు కావాలండీ?"

ఆయన ఆగాడు.

గుసగుసక్క ఆయన కాళ్ల వైపు చూసింది. బూటు ముక్కు కనిపించింది, అంతే. మెడ సాచింది, పక్కకు ఒరిగింది. ముందు కూర్చున్నాయన తల అడ్డం. పెద్దాయన ముఖం నిండా బాధ ఉంది, అది తండ్రి బాధో, మాట దొరకని మనిషి బాధో ఏడో వరసకు తెలిసే దారి లేదు. తెర వెనక ఉన్న అమ్మాయికీ తెలియదు. ఐదు. ఆరు. ఏడు. ఆవిడ పెదాలు వాటంతటవే విడివడ్డాయి. "ఇక్కడొక కుర్చీ ఉండేది" అని నోరు అంది, ఆ పాత సన్నని గొంతుతో. పక్కనున్నావిడ "ష్" అంది.

"ఇక్కడొక కుర్చీ ఉండేది" అన్నాడు పెద్దాయన.

హాలంతా నిట్టూర్చింది. పక్కనున్నావిడ కళ్లు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. "చూశారా ఎలా ఆగాడో! ఆ మౌనం చూడ్డానికే వచ్చాను నేను. మీరు ఇంతకుముందు చూశారా ఈ నాటకం?"

గుసగుసక్క తల అడ్డంగా ఊపింది. ఆయన ఆగాడా, మరిచాడా, ఎవరైనా అందించారా? అడగడానికి ఇంక ఆవిడకు ఎవరూ లేరు. ఇంకో అంకం మిగిలి ఉంది, అందులో పెన్సిల్ సున్నాలు నాలుగున్నాయి. ఆవిడ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.