జీపు కమాను కత్తులు

కమాను విరిగిన జీపు ఎలా నడుస్తుందో తెలుసా? కుంటుతుంది, అచ్చం తుంటి విరిగిన మనిషిలాగే. పొలసర దాటి కొండ వారన ఉన్న ఊళ్లకు నూనె డబ్బాలు, పప్పు బస్తాలు వేసుకుని వెళ్తున్నాను. వాగులో రాళ్ల మీదికి ఎక్కానో లేదో, వెనక ఎడమ చక్రం దగ్గర ఫట్టుమంది. బండి ఒక పక్కకు కూలబడింది. డబ్బాలన్నీ ఆ పక్కకే జారాయి. నీళ్లలో దిగి చూస్తే కమాను కట్టలో పెద్ద ఆకు రెండు ముక్కలై ఉంది. కమాను కట్టంటే ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. బండి బరువంతా మోసేది అవే. సరుకు దగ్గరలోని కొట్టులో దించేశాను. విరిగినచోట కర్రముక్క పెట్టి తాడుతో బిగించి, బరంపురం పక్క అంకులిలో ఉన్న మా ఇంటిదాకా తోలుకొచ్చాను. దారి పొడుగునా సైకిళ్లు కూడా నన్ను దాటి పోయాయి.

ఆ జీపు మా ఆయనది. బరంపురం బజారులో సరుకెత్తి, వ్యాన్లు పోలేని ఊళ్లలోని కొట్లకు వేసేవారు. తిరుగు దారిలో పసుపు, చింతపండు, కొండచీపుళ్లు తెచ్చేవారు. సంత రోజుల్లో ఆ ఊళ్లవాళ్లను ఛార్జీకి పొలసరలో దించేవారు. నడపడం నాకు నేర్పింది కూడా ఆయనే. నేర్పడమంటే, సంత నుంచి వస్తూ నిద్ర ఆగక స్టీరింగు నా చేతిలో పెట్టి పక్కన గుర్రు పెట్టడం. ఆయన పోయాక నా కంచంలో అన్నం ఆ జీపే.

బరంపురంలో గారేజీ మేస్త్రీ ఒడియా మనిషి, తెలుగు మనలాగే మాట్లాడతాడు. బండి కిందికి దూరి చూశాడు. నాలుగు చక్రాల కమానులూ మార్చాలన్నాడు. బుష్‌లు కొత్తవి వెయ్యాలన్నాడు, షాకబ్జర్లు కొత్తవి వెయ్యాలన్నాడు. అతను చెప్పిన మొత్తానికి ఇంకాస్త కలిపితే పాత జీపు మరొకటి వస్తుంది. బండి అక్కడే వదిలి ఇంటికొచ్చేశాను.

సంగతి మా మరిదికి తెలిసింది. కిరాణా కొట్టు ఉన్నవాడు. చెడ్డవాడు కాడు గానీ, నష్టం ఎక్కడున్నా దాని వాసన పట్టేస్తాడు. సాయంత్రం వచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"తుక్కు బండికి అంత సొమ్ము ఎవలైనా పోస్తారేటి వదినా? సిల్కా ఒడ్డున రంభ ఊళ్లో ఒకాయన కొంటానంటన్నాడు, సేపల బుట్టలు ఏసుకోడానికి. వచ్చే సంత దాటితే ఇంకో బండి సూసుకుంటాడు. అమ్మీసి మా కొట్లోకి వచ్చీ. నీడపట్టున కూసుని పొట్లాలు కట్టుకోవచ్చు."

పొట్లాలు కట్టడం తప్పు పనేం కాదు. కానీ నెలనెలా మరిది చేతివైపు చూడాలి. ఒక చీర కొనుక్కుంటే తోడికోడలి మొహంవైపు చూడాలి. జీపు ఎక్కి కూర్చుంటే నేను చూడాల్సింది ముందున్న రోడ్డే. సంత దాకా గడువివ్వమని వాడిని పంపేశాను.

మర్నాడు గారేజీకి వెళ్లి, విప్పు బాబూ, విప్పిన పాత సామాను మాత్రం నేనే పట్టుకుపోతాను అన్నాను. మేస్త్రీ నవ్వాడు. గారేజీల్లో ఆచారం ఏమిటంటే, విప్పిన ఇనుము గారేజీకే. మా వర్తకుల ఇళ్లలో ఆచారం వేరు. బియ్యం బస్తా కొంటే గోనె కూడా మనదే. ఖాళీ గోనె ఎక్కడో వదిలేసి వస్తే మా అత్తగారు అన్నం పెట్టేది కాదు. ఆవిడ దగ్గర పెరిగిన దాన్ని, నా కమాను నేనెందుకు వదులుతాను?

మేస్త్రీ తల గోక్కున్నాడు. నన్ను మావుసీ అంటాడు, ఒడియాలో పిన్ని అని.

"అలాగైతే ముందు సక్రాల కమానులు ఇప్పడం దేనికి మావుసీ? పాతవి నాకు రావు గదా. అవి ఇంకో రెండు వానాకాలాలు లాగుతాయి. షాకబ్జర్లూ లాగుతాయి. ఎనకవి రెండూ, వాటి బుష్‌లూ మార్చితే సాలు."

"ఆ మాట నిన్న సెప్పలేదేటి నానా?"

"నిన్న నువ్వు అడగలేదు గదా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఖర్చు సగానికి పైగా దిగింది. అయినా మిగిలిన సగం మాత్రం నా దగ్గరుందా? వెనకవి రెండూ విప్పి నా గోనెలో వేశాడు గానీ, డబ్బు కళ్లజూస్తే తప్ప కొత్తవి బిగించనన్నాడు. బండి అక్కడే దిమ్మల మీద నిలబడింది.

కొండవార ఊళ్లలో నేను సరుకేసే కొట్లన్నిటా ఆడవాళ్లు నన్ను అడిగేది ఒకటే, కమాను ఉక్కుతో చేసిన కత్తి ఉందా అని. బజారు రేకు కత్తులు ఒక కోతకే వంగిపోతాయి. కమాను కత్తికి ఒకసారి పదును పెడితే మనవరాలి దాకా ఉంటుంది. ఇన్నాళ్లూ లేదు లేదంటూ వచ్చాను. ఇప్పుడు కట్టలు కట్టలుగా ఉక్కు నా గోనెలోనే ఉంది.

ఆ గోనెను బస్సులో వేసుకుని పొలసర చేరాను. గోనెకు కూడా టికెట్టు కొట్టాడు కండక్టరు, కొట్టనీ. అక్కడి కమ్మరి ముసలాయనతో ఒడియాలో బేరమాడాను. ఉక్కు నాది, కొలిమి నీది, తయారైన వాటిలో చెరి సగం. ఆయన ఒక ముక్కను సమ్మెటతో తట్టి, మోత విని ఒప్పుకున్నాడు. వరికోతలు దగ్గరపడుతున్నాయి. కొడవళ్లు, కొబ్బరి కొట్టే కత్తులు, కత్తిపీటలకు బిగించే అలుగులు చేశాడు. విరిగిన పెద్ద ఆకు కూడా వృథా పోలేదు.

పొలసర సంత రోజు నేల మీద గోనె పరిచి వాటిని వరసగా పెట్టాను. నా గొంతు బొంగురు గొంతు. సంతకు అలాంటి గొంతే కావాలి. కమాను కత్తి, జీపు కమాను కత్తి అని తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి అరిచాను. ఆడవాళ్లు మూగారు. గోటి మీద పదును చూసుకుని కొంగుముడి విప్పారు.

మధ్యాహ్నానికి మరిది వచ్చాడు. రంభ ఆయనను మర్నాడు రమ్మన్నాడట, ఆ మాట చెప్పిపోదామని వెతుక్కుంటూ వచ్చాడు. వచ్చి చూస్తే వదిన నేలమీద కత్తుల మధ్య కూర్చుని ఉంది.

"మనింటి ఆడది సంతలో కత్తులమ్మడమేటి వదినా? నలుగురూ ఏటనుకుంటారు?"

"పక్కకి జరుగు బాబూ. ఎనక కొనేవోళ్లున్నారు."

అప్పుడే ఒకామె కత్తిపీట అలుగు తీసుకుని పెద్ద నోటిచ్చింది. నా దగ్గర చిల్లర అయిపోయింది. మరిది ఆ నోటు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. వర్తకుడి చెయ్యి కదా, ఆగుతుందా? జేబులోంచి చిల్లర తీసి లెక్కపెట్టి ఆమెకిచ్చేశాడు. తర్వాత పంచె ఎగ్గట్టి నా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ధర తగ్గించమన్న వాళ్లతో నాకంటే గట్టిగా వాదించాడు. గోనె ఖాళీ అయ్యాక, రంభ ఆయనకు రావద్దని ఫోను చేసింది కూడా వాడే. నేను చెప్పమనలేదు.

కత్తుల డబ్బుకు, పసుపు మీద రావలసిన బాకీ చేరింది. మేస్త్రీ ముందు పెట్టాను. వెనక కమానులు రెండూ కొత్తవి బిగించాడు. బండి నడుము నిటారుగా లేచింది. చుట్టూ తిరిగి చూసుకున్నాను, మళ్లీ ఒకసారి తిరిగాను.

మరుసటి సంతకు కొండవార ఊళ్ల నుంచి ఆడవాళ్లను ఎక్కించుకుని పొలసరకు దిగుతున్నాను. వాగు రాగానే అందరూ అలవాటుగా కమ్మీలు పట్టుకున్నారు. గుడ్లు అమ్మే ముసలమ్మ బుట్టను ఒళ్లోకి లాక్కుంది. చక్రం రాయి ఎక్కింది, దిగింది. వెనక కమాను కిందికి నొక్కుకుని మెల్లగా లేచింది. ఎవరి తలా పైకప్పుకు తగల్లేదు.

ఒడ్డెక్కాక, ఇవాళ్టినుంచి ఛార్జీ ఐదు రూపాయలు ఎక్కువ అని చెప్పాను. ఎందుకమ్మా అని గొణిగారు.

"గుడ్లు సూసుకుని అడగండి," అన్నాను.

ముసలమ్మ బుట్ట మీద గుడ్డ తీసి, వేళ్లతో అటూ ఇటూ కదిపి చూసుకుంది. ఒక్కటీ చిట్లలేదు. రవికలోంచి ఐదు రూపాయలు తీసి అందరికంటే ముందు నా చేతిలో పెట్టింది.