చిప్ప మీద పడ్డ నింద

మాండలేలో బంగారు రేకులు కొట్టే వీధిలో కో ఫో ల్విన్ సుత్తి దెబ్బకి ఒక పేరుంది. ముప్పై ఏళ్ళుగా అదే మూడు కిలోల సుత్తి. పక్కన నీళ్ళ తొట్టిలో చిల్లి పెట్టిన కొబ్బరిచిప్ప తేలుతుంటుంది. అది మునిగేదాకా సుత్తి ఆగకూడదు, అదీ లెక్క.

ఆ ఏటి వానల్లో టీకొట్టు మెట్టు మీద జారి, అరచెయ్యి ఆనించి పడ్డాడు. మోచేతి వెనక టప్పుమంది. ‘బెణికిందిలే’ అని నూనె రాసి, వాపు తగ్గగానే సుత్తి పట్టాడు. చెయ్యి మడుస్తున్నాడు, సుత్తి ఎత్తుతున్నాడు, ఇంకేం కావాలి? కానీ చిప్ప మునుగుతోంది, బంగారం సాగడం లేదు.

“చిప్ప చిల్లి పెద్దదైంది, తొందరగా మునిగిపోతోంది” అని చిప్ప మార్చాడు. మళ్ళీ మార్చాడు. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! పాపం, చిప్పలేం చేశాయి?

రేకులు కత్తిరించేది అతని భార్య. పేరు మా స్వే ఊ. గాలి ఆడని గదిలో ఆ పని. ఊపిరి తగిలితే ఎగిరిపోవాలి రేకంటే. ఒకటి మొగుడి ముందు పెట్టి ఉఫ్‌మని ఊదింది. కదల్లేదు.

“తప్పు చిప్పదా? నీ చేతిలో చేవ పోయింది. నడు ఆసుపత్రికి!”

డాక్టరమ్మది కూతురి వయసు. “చెయ్యి పైకెత్తి మోచెయ్యి చాపండి బాబాయ్.”

ఎత్తాడు. చాపబోతే తన చెయ్యే వచ్చి తన నెత్తిన పడింది. మా స్వే ఊ నోరు నొక్కుకుని నవ్వింది. డాక్టరమ్మ మోచేతి పైన తడిమితే వేలికి గుంట తగిలింది. స్కానూ అదే చెప్పింది.

“చెయ్యి చాపే కండని ఎముకకి పట్టి ఉంచే తాడు తెగింది. మడిచే కండ వేరు, అది బాగానే ఉంది. అందుకే మోసపోయారు.”

“మళ్ళీ సుత్తి పడతానా తల్లీ?” నిజంగానే భయం వేసిందతనికి. సుత్తి తప్ప ఇంకేదీ రాదు.

“నా మాట వింటే పడతారు. ఎముకకి చిల్లులు పెట్టి దారాలతో బిగించి కడతాను.”

“చిల్లి చిన్నగా పెట్టమ్మా. పెద్దదైతే లెక్క తప్పుతుంది!”

ఆపరేషనయింది. ఆరు నెలలు సుత్తి ముట్టలేదు. ఆ తర్వాత మొదటి వారం ఒక్క చిప్ప మునిగేదాకా, పై వారం రెండు. చివరికి ఒక రేకుల కట్ట పూర్తిగా కొట్టి భార్యకిచ్చి, గుమ్మంలో నిలబడ్డాడు.

“సాగిందా?”

ఆమె పెదాలు బిగించి, ఒక రేకుని మెల్లగా ఎత్తి మొహం దగ్గర పట్టుకుంది. “చెప్పవేమే!”

“ఏం చెప్పను...” అని నోరు తెరిచిందో లేదో, రేకు ఎగిరిపోయింది.